చిల్లు లేని తాంబాళం

జహీరాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే విరూపాక్షకు బోన్సాయ్ పిచ్చి. డాబా మీద ఆయన పెంచుతున్న చింతకు పందొమ్మిదేళ్లు, ఎత్తు మాత్రం మూరెడు. గింజ మొలిచింది నూనె డబ్బాలో. మాను లావెక్కాలని దాన్ని సిమెంటు తట్టలోకి, తర్వాత లోతైన మట్టి తొట్టిలోకి మార్చాడు. పెరిగే చెట్టుకు లోతు కావాలి, రూపు తీరిన చెట్టుకు వెడల్పు చాలు, తొట్టి ఏదైనా నీళ్లు పోవడానికి అడుగున చిల్లు ఉండి తీరాలి. కాలిపోయిన మోటారు పట్టుకుని కోహీర్ నుంచి వచ్చిన రైతులకు కూడా ఈ పాఠం తప్పేది కాదు. పాపం, పైరు ఎండిపోతుందనే దిగులులోనే వినేవాళ్లు.

మార్చిలో ఒక కాలేజీ వాళ్లు పూల ప్రదర్శనకు ఆ చింతను అడిగారు. ఇన్నేళ్లలో దాన్ని అడిగినవాళ్లు వాళ్లే. మట్టి తొట్టిలో పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. తల్లి బాలమణి పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి తాంబాళం ఇమ్మన్నాడు.

“తీస్కపో బిడ్డా. గని అడుగుకు పొక్క గిట్ల పెట్టకు. ఓటి గిన్నె ఇంట్ల ఉంటె అరిష్టం,” అన్నది ఆమె.

ఊరందరికీ నీతులు చెప్పే మనిషి చిల్లు పెట్టొద్దన్న ఆ ఒక్క మాటకు నోరెత్తలేదు. అడుగున కంకర పోసి, వేర్లు కత్తిరించి, చెట్టును అందులో నాటాడు. ప్రదర్శన మూడు రోజులే. కానీ చెట్టు తిరిగి ఇంటికి చేరాక ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకుంటుంటే తల్లి మురిసిపోయింది, ఆయనా మురిసిపోయాడు. రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అనుకుంటూ నెలన్నర గడిపేశాడు.

ఏప్రిల్ చివర్లో ఆకులు పండి రాలసాగాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు నీడకు జరిపాడు, తాంబాళం వంచి నీళ్లు పారబోశాడు, ఝరాసంగం దేవుడికి మొక్కాడు. దుకాణం తెరవలేదు, అన్నం సయించలేదు. ఐదో రోజుకు చెట్టు మీద ఒక్క ఆకూ మిగల్లేదు. ఇక ఆగలేక చెట్టును పైకి ఎత్తాడు. కుళ్లు వాసన గుప్పుమంది. పట్టుకున్న వేరల్లా తెగి చేతిలోకి వచ్చింది.

బాలమణి మెట్లెక్కి వచ్చింది. “ఏమైందిరా?”

“నీళ్లు పోయే తొవ్వ లేక వేర్లు మురిగినయమ్మా.”

“పొక్క లేకుంటె చస్తదని నీకు ముందుగాల ఎర్కేనా?”

“ఎర్కే.”

“మరి చెప్పకపోతివేందిరా? ఇన్నేండ్ల చెట్టు కన్న నాకు తాంబాళం ఎక్కువనా? ఒక్క మాటంటె నేనే మొల, సుత్తె తెచ్చిస్తుంటి గదా!”

విరూపాక్ష సిగ్గుపడ్డాడు. ఆమె కాదంటుందని తనే అనుకున్నాడు గానీ, అడిగింది లేదు. గోటితో మాను బెరడు గీకి చూశాడు. ప్రాణముంటే కింద పచ్చి కనబడాలి. పచ్చి లేదు. ఇంకోచోట గీకాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కొమ్మ కొమ్మా గీకుతూనే ఉన్నాడు.