దూది పీకించిన స్లీపింగ్ బ్యాగు

నడివేసవిలో, రోళ్లు పగిలే ఎండల కాలంలో, చలికి చావబోయిన మొనగాణ్ణి పలాస మొత్తం మీద నేనొక్కణ్ణే. ఎవరైనా పోటీకొస్తే రమ్మనండి.

అప్పటికి సెల్‌ఫోన్లు కొత్త, నాకు మీసం కొత్త, తెలివి మాత్రం పుట్టుకతోనే ఎక్కువ. కంచిలి దగ్గర మా మేనమామకి కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్నాయి. వాటితోపాటు సుగుణ అనే కూతురు ఉంది. నా చూపు తోటల మీద లేదు, ఒట్టు. జీడిపిక్కలేరడం అయిపోయాక మావ ఏటా ఒకసారి మహేంద్రగిరి ఎక్కి, ఒక రాత్రి అక్కడే పడుకుని వస్తాడు. ఆ ఏడు నన్ను పిలిచాడు.

"మా సుగుణ గుంటనివ్వాలంటే మనిషేపాటోడో తెలాలి కదా అల్లుడా. ఓ రేత్రి కొండ మీదుంటే తెలిసిపోద్ది" అన్నాడు.

అంటే పెళ్లిచూపులు నాకన్నమాట! వెంటనే విశాఖపట్నం వెళ్లి, కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే దుకాణంలో స్లీపింగ్ బ్యాగు అడిగాను.

"ఇది మందంగా ఉంటుంది సార్. కొండ మీద రాత్రి గాలి వీస్తుంది" అన్నాడు కుర్రాడు.

"తేలికది చూపించు."

"అది పల్చన సార్, చలికి..."

"మాది పలాస. మే నెల గురించి మాకు చెప్తున్నావా?"

కుర్రాడు తేలికది తీసిచ్చాడు. నేను గెలిచాను.

కొన్నాక పరీక్షించకుండా ఉంటానా? మిట్టమధ్యాహ్నం, కరెంటు లేని గదిలో, అందులో దూరి మెడదాకా జిప్పు లాక్కున్నాను. కాసేపటికి ఆవిరి కుడుములా ఉడికి బయటపడ్డాను. ఎంత మోసం! తేలికదని చెప్పి ఇంత వేడిదిస్తారా? నేరుగా దర్జీ అప్పన్న దగ్గరికి పరిగెత్తాను.

"అప్పన్నా, దీని లోపలి దూది పీకెయ్."

"మొత్తవేఁ?"

"మొత్తం. బరువు దండగ."

అప్పన్న హుషారైన మనిషి. కుట్లు విప్పి, దూది దులిపి, మళ్లీ కుట్టేసి, మడతపెట్టి చేతిలో పెట్టాడు. "సూడు బాబూ, సేతిరుమాలంత అయిపోనాది!" అని తనే మురిసిపోయాడు. ఇద్దరం టీ తాగాం.

కొండెక్కే రోజు మావ భుజాన పెద్ద బొంత చుట్ట చూసి నాకు జాలేసింది.

"ఎండాకాలం బొంతెందుకు మావా?"

"నీదేదిరా?"

జేబులోంచి తీసి చూపించాను. మావ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

పొద్దు వాలాక పైకి చేరాం. మొదట చల్లగాలి హాయిగా ఉంది. తర్వాత మబ్బు దిగింది. ఆ పైన తుంపర. మావ ఒక బండ చాటున బొంతలో దూరాడు. నేను నా గుడ్డసంచిలో దూరాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో ఉడికాను, రచ్చలో గడ్డకట్టాను.

"ఏటల్లుడా, టకటకా సప్పుడేటి? సెలేత్తందేటి?"

"చ... చలా? ఎం... ఎండాకాలంలో చలేంటి మావా!"

"అలగైతే పడుకో."

కాసేపు పరువు కాపాడుకున్నాను. పరువు వెచ్చగా ఉండదండీ, అదే దాంతో చిక్కు.

"మావా..."

"ఏటి?"

"మీకు చలేస్తోందేమోనని."

"నాకు బొంతుంది."

"అయినా, నేను పక్కన పడుకుంటే ఇంకా వెచ్చగా ఉంటుంది కదా, మీకు?"

మావ నవ్వాడో, దగ్గాడో తెలియదు. బొంత అంచు ఎత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారట లోకులు. నేను చేతులు గడ్డకట్టాక మావని పట్టుకున్నాను.

తెల్లారాక నా పట్టు విడిపించుకోలేక ఆయన అరిచాడట. "ఒగ్గరా! ఒంటేలుకెల్లాల, ఒగ్గు!"

"ఒగ్గను మావా!" అన్నానట, కళ్లు తెరవకుండానే.

కొండ దిగి కంచిలి చేరేదాకా మావ నాకు పదడుగుల దూరంలోనే ఉన్నాడు. సుగుణ మీద ఆశ వదిలేసుకున్నాను. గుమ్మంలోనే ఆమె అడిగింది, "నాన్నా, బావెలగున్నాడు?"

నేను తల దించుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

"సంచీ తేలిక. బుర్ర ఇంకా తేలిక" అన్నాడు మావ, తువ్వాలు దులుపుకుంటూ. "అయితే ఒకటమ్మా. పట్టుకున్నాడంటే సచ్చినా ఒగ్గడు. ముహూర్తం సూద్దాం."

కాబట్టి పాఠక మహాశయులారా, మహేంద్రగిరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కొండకి తీసుకెళ్లే పక్కని ఇక మీదట పలాస ఎండలో పరీక్షించను. దూది పోగు కూడా పీకించను. మావగారిని కౌగిలించుకుని పడుకోను. ఈ మూడోది ఆయనే పక్కన నిలబడి రాయించారు.