సైదులూ... అని పిలిస్తే

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా వాడ మధ్యన నిలబడి "సైదులూ" అని కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి నాలుగు తలలు బయటికొచ్చేవి. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని కన్న ప్రతి తల్లీ ఆ పేరే పెట్టేది మరి. మా పదో తరగతిలోనే అయిదుగురం. పొట్టి సైదులు, తెల్ల సైదులు... నేను మిల్లు సైదులు. మా నాయిన రైస్ మిల్లులో హమాలీ.

ఆ పేరే ఒకరోజు నన్ను తన్నించింది.

అప్పట్లో మిల్లు వైపు పిల్లలకీ స్టేషన్ వైపు పిల్లలకీ పడేది కాదు. ఎందుకు పడదో ఎవరికీ తెలీదు... పడదంతే. బడి వదిలాక సైకిల్ మీద వస్తుంటే స్టేషన్ వైపు వాళ్లు ముగ్గురు అడ్డం నిలబడ్డారు.

"నువ్వేనారా సైదులు?"

అవునన్నాను. నా పేరు అదే కదా, ఇంకేమంటాను? సైకిల్ చైన్ వచ్చి కనుబొమ్మ మీద పడింది. వాళ్లు వెతుకుతున్నది తెల్ల సైదుల్నట. క్రికెట్ ఆడేటప్పుడు వాళ్ల వాడి చొక్కా చింపాడట. పొరపాటు జరిగిందని మర్నాడు వాళ్లకు తెలిసింది. తెలిసి నవ్వుకున్నారు... ఆ నవ్వు నాకు దెబ్బకంటే ఎక్కువ మండింది.

దెబ్బ తగిలిన రోజే మా అమ్మ నన్ను సిస్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అసలు పేరు మరియమ్మ... ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. సాయంత్రాలు ఆమె ఇంటి ముందర్రలో, అదే ముందు గదిలో, క్యారమ్ బోర్డు చుట్టూ పిల్లలు ఉండేవాళ్లు. తండ్రి తాగొచ్చి కొట్టేవాళ్లు, బడి మానేసినవాళ్లు, పోలీసులు ఒకసారి పట్టుకెళ్లి వదిలేసినవాళ్లు. మిల్లు వైపు వాళ్లూ, స్టేషన్ వైపు వాళ్లూ. గుమ్మం పక్కన ఒక వెదురు గంప ఉండేది. బెల్టయినా కట్టెయినా చేతిలో ఉన్నది అందులో వేసి లోపలికి పోవాలి. వెళ్లేటప్పుడు తీసుకోవచ్చు. చాలామంది మరిచిపోయి వెళ్లేవాళ్లు. ఆమె గుర్తుచేసేది కాదు.

కట్టు కట్టి, "ఎల్లుండి రా, మార్సాలె" అంది.

వెళ్లాను... కానీ నడుముకు మా నాయిన కొక్కెం దోపుకుని వెళ్లాను. బస్తాలు లేపే ఇనుప కొక్కెం. కట్టు మార్పించుకుని అటునుంచి అటే స్టేషన్ వైపు పోవాలని, చైన్ విసిరినవాడి మొహం మీద గుర్తు పెట్టాలని. పదిహేనేళ్లవాడి ఆలోచన అంతవరకే పోయింది. ఆ తర్వాత జైలుంటుందని, వాడికీ ఒక అమ్మ ఉంటుందని తట్టనే లేదు.

కట్టు విప్పుతుంటే ఆమె చెయ్యి కొక్కేనికి తగిలింది. కొక్కెం లాక్కోలేదు.

"ఎవర్ని కొడతవ్ బిడ్డా?"

"నన్ను కొట్టినోణ్ణి."

"వాని పేరేంది?"

ఆ సంగతి నాకూ అంతకుముందు రోజే తెలిసింది. తల వంచుకున్నాను. "సైదులే."

సిస్టరమ్మ లోపలికి తిరిగి "సైదులూ" అని పిలిచింది. క్యారమ్ బోర్డు దగ్గర ముగ్గురు లేచారు. మూడోవాడు వాడే... చైన్ విసిరినవాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది. వాడి చేతిలో స్ట్రైకర్ తప్ప ఏమీ లేదు.

"సరిగ సూస్కొని కొట్టు బిడ్డా. నీకు తగిలినట్టు ఇంకో సైదులుకు తగలొద్దు."

ఎవర్ని కొట్టాలో నాకు బాగా తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. ఏడుపొచ్చింది... కోపంతోనే వచ్చింది. కొక్కెం తీసి గంపలో వేశాను. వాడు సారీ చెప్పలేదు, నేను అడగలేదు. రెండు నెలలు ఒకే గదిలో కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ రోజు కొక్కెం నేనూ మరిచిపోయి వచ్చాను. అది లేకుంటే తెల్లారి మా నాయినకు పనిలేదు. పొద్దు గూకకముందే సిస్టరమ్మే తెచ్చిచ్చింది. "మీ వోడు మర్సిపోయిండు" అంది, అంతే. మా నాయిన నా కట్టు వైపు చూశాడు, కొక్కెం వైపు చూశాడు... ఆ రోజు నుంచి దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు.

కొద్దిరోజులకు వాడ పెద్దమనుషులు ఆమె గుమ్మం ముందుకొచ్చారు.

"రౌడీ పోరగాండ్లను జమజేస్తున్నవ్ సిస్టరమ్మా, బంద్ వెట్టు."

"సరే. తలా ఒకణ్ణి మీ ఇండ్లకు తీస్కపోండ్రి. గిప్పుడే బంద్ వెడ్త."

ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఇంకొకాయనకు ఏదో పని గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కూడా మేం క్యారమ్ ఆడుకున్నాం.

సిస్టరమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆ ముందర్రను ఇప్పుడు మేమే నడుపుతున్నాం... నేనూ, చైన్ సైదులూ. అవును, వాడే. సూర్యాపేటలో లారీ మెకానిక్కు, వీలు చిక్కితే బస్సెక్కి వచ్చేస్తాడు. గంప ఇంకా ఉంది. ఇప్పుడు అందులో ఎక్కువగా ఫోన్లు పడుతున్నాయి. ఈ కాలం గొడవలు వాటిలోనే మొదలవుతాయి కదా... ఒక స్టేటస్, దానికింద ఒక నవ్వు బొమ్మ, సాయంత్రానికి పది బైకులు.

మా వాడ ఇప్పుడు కాలనీ అయింది. మొన్న ఆ కాలనీ వాళ్లు ఒక కాగితం తెచ్చారు. కింద సంతకాలు. మా గది వల్ల కాలనీకి చెడ్డపేరట. చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాను. మూయం. ఇంకో కాగితం తెచ్చినా మూయం. మీ గేట్లకు కెమెరాలు పెట్టుకోండి, మేం వద్దనం. ఈ పిల్లల దగ్గర మాత్రం ఒక మనిషి కూర్చోవాలి... మేం కూర్చుంటాం.

ఇప్పుడొచ్చే పిల్లల్లో ఒక్క సైదులు కూడా లేడు. అన్నీ కొత్త పేర్లు, నాకు నోరు తిరగవు. అలవాటు చొప్పున ఒక్కోసారి లోపలికి చూసి "సైదులూ" అంటాను... జుట్టు నెరిసినవాడు ఒక్కడే లేస్తాడు, చేతిలో స్ట్రైకర్‌తో.

మీకూ అలాంటి గుమ్మం ఒకటి ఉండే ఉంటుంది... కోపంగా వెళ్తుంటే లోపలికి పిలిచిన మనిషి. ఎవరో రాయండి. కాలనీ వాళ్ల కాగితం మళ్లీ వస్తుంది, నాకు తెలుసు. ఈసారి ఆ సంతకాల పక్కన మీరు రాసిన పేర్లు పెట్టి వాళ్లచేత చదివిస్తాను.