ప్రకటనల నోరు నొక్కిన బావ

మా బావకు టీవీలు బాగుచేయడం తప్ప మరో విద్య రాదు. ఆ ఒక్కటీ బాగా వచ్చునని ఊరంతా ఒప్పుకుంటుంది కాబట్టి, మిగతావన్నీ కూడా వచ్చనే అనుకుంటాడు.

ఆయనకు గిట్టనిదల్లా ప్రకటనలే. వార్తలు చదివే అమ్మాయి మెల్లగా మాట్లాడుతూ ఉండగానే సబ్బువాడు ఊడిపడి ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. బావ వెంటనే రిమోట్ అందుకుని వాడి గొంతు నొక్కేసేవాడు. ఆ మూడు నిమిషాల్లోనే మా అక్క సంసారమంతా నడిచేది. గ్యాస్ అయిపోయిందనీ, కుళాయి కారుతోందనీ అప్పుడే చెప్పుకునేది. పద్దెనిమిదేళ్లు అలాగే కాపురం చేసింది. అద్దిల్లు మారాలన్న నిర్ణయం కూడా ఒక టూత్‌పేస్టు ప్రకటన ముగిసేలోపే ఖాయమైంది.

అలాంటిది, బావ ఒక డబ్బా తయారుచేశాడు. పాత బిస్కెట్ డబ్బాలో ఏవో తీగలు అతికించి టీవీకి తగిలించాడు. అది గట్టి శబ్దాన్ని అణిచి, మెల్లని శబ్దాన్ని లేపి, అన్నిటినీ ఒకే తీరున వినిపిస్తుంది. నిజం చెప్పొద్దూ, భేషుగ్గా పనిచేసింది. దాంతో ఇన్నాళ్లూ ప్రకటనల ముఖం చూడని మనిషి, తన డబ్బా ప్రతాపం చూడటానికి ఒక్కటీ వదలకుండా చూడసాగాడు.

సరిగ్గా ఆ వారమే అక్కకు పిలుపొచ్చింది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఆరు గంటల ప్రయాణమంత దూరంలో కొత్త శాఖ తెరుస్తున్నామనీ, సూపర్‌వైజరుగా రమ్మనీ, ఇల్లు కూడా ఇస్తామనీ అన్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. బావ కూడా వస్తే బాగుంటుందని ఆమె ఆశ.

సోమవారం ప్రకటన రాగానే, "ఏవండీ, ఓ మాట" అంది.

"ఉండు, ఉండు. సబ్బువాడు ఎలా తోక ముడిచాడో చూడు" అన్నాడు బావ.

మంగళ, బుధవారాలూ అదే తంతు. గురువారం అక్క టీవీ పక్కనే నిలబడి మొత్తం చెప్పింది. "నాకు వెళ్లాలనుంది. మీరూ వస్తారా?"

బావ డబ్బా మీంచి చూపు తిప్పకుండా "ఊఁ" అన్నాడు.

అక్క పొంగిపోయింది. శుక్రవారం ఫ్యాక్టరీలో సరేనని చెప్పేసి, శనివారమంతా సామాను సర్దింది. బావ ఆమె చీపురుకు కాళ్లెత్తి దారిచ్చాడే తప్ప ఎందుకని అడగలేదు. ఆదివారం పొద్దున వ్యాను వచ్చింది. సామాను ఎత్తడానికి నేనూ వెళ్లాను.

"ఎవరు ఖాళీ చేస్తున్నార్రా?" అని బావ నన్నడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం సూట్‌కేసు తెరిచి, ఆయన చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టి, వెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది.