సగం దారిలో ఆగిన పెళ్లిపాట

ఆ ఒక్క పూటలో పోయినవి ముందే చెప్పేస్తాను, మధ్యలో మీరు గుండె పట్టుకోకుండా ఉంటారు. ఒక డేగిసా బిర్యానీ. పెళ్లికొడుకు మేనత్త కుడికాలి చెప్పు. ఆరు నెలల పాటు మా అక్క నాతో మాట్లాడే మాటలు. మా వీధి ఆర్కెస్ట్రాకు రావలసిన మరో రెండు పెళ్లిళ్లు. నా పరువు కూడా పోయింది గానీ, అది అప్పటికే చిన్నది, లెక్కలోకి రాదు.

పదేళ్ల కిందటి గిద్దలూరు. నేను మేస్త్రీల దగ్గర కొలతలు వేసేవాణ్ణి. గోడ చూసి ఇటుకలెన్నో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. చెప్పినన్ని ఇటుకలే పట్టేవి. దాంతో లోకంలో ఉన్నదంతా గోడే అనుకున్నాను.

మా ఆర్కెస్ట్రా సగం కళ, సగం కూలి. కీబోర్డు వాయించే రత్నమన్న పగలు ఫ్యాన్లు బాగుచేస్తాడు. డ్రమ్స్ కొట్టే సామేలు పంచర్లు వేస్తాడు. నాకు ఏ వాయిద్యమూ రాదు కనుక, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో చెప్పే పెద్దరికం నాకిచ్చారు.

మేం వాయించిన మొదటి పెళ్లి మా అక్క కూతురు సునీతది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ఒకటే కోరిక.

"మామా, చర్చి వాకిట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నేను ఆయన పక్కన నిలబడే దాకా పాట ఆగగూడదు. మాటియ్యి."

"మాటెందుకే? లెక్కే ఇస్తా!"

చర్చి చిన్నది. అందుకని స్పీకర్లు లోపల, మేం బయట షామియానాలో, పొయ్యిల పక్కన. లోపల ఏం జరిగేదీ మాకు కనబడదు.

"కిటికీ కాడ ఎవర్నైనా నిలబెడదాం దావీదూ, సైగ చేస్తాడు," అన్నాడు రత్నమన్న.

"లెక్కుండగా కిటికీ ఎందుకన్నా?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నాకొచ్చిన వాయిద్యం అదొక్కటే.

ముందురోజు ఖాళీ చర్చిలో నేనే నడిచి చూశాను. ఇరవై రెండు అడుగులు. అడుగుకు మూడు సెకన్ల చొప్పున పాట కత్తిరించాను. సెకన్లలో తప్పు లేదు. అడుగులోనే ఉంది. నాది నంద్యాల ప్యాసింజరు అందుకోబోయేవాడి అంగ. తెల్లచీర కుచ్చిళ్లలో పెళ్లికూతురు వేసేది అందులో సగం. ఎన్నో పెళ్లిళ్లలో చూసిందే! గోడలు నడవవు గదా, తట్టలేదు.

అంతటితో ఆగానా? వంట మస్తానన్నకూ లెక్క అప్పజెప్పాను. "రెండో పాట మోగిందంటే పెండ్లి అయిపోయినట్టేనన్నా. మూత తీసెయ్."

పెళ్లిరోజు సరిగ్గా అనుకున్న క్షణానికి చెయ్యెత్తాను. పాట ఆగింది. లోపల సునీత కూడా ఆగింది, మా బావ చెయ్యి పట్టుకుని, దారి మధ్యలో. పాట లేందే కదలనందట. కిటికీలోంచి పాస్టరయ్యగారి చెయ్యి బయటికొచ్చి, వాయించండి వాయించండి అని ఊగింది.

"ఏ పాట దావీదూ?" అన్నాడు రత్నమన్న.

"మొదటిది అయిపోయింది గదా. రెండోదే."

"అప్పుడే పెండ్లయిపోయిందా? ప్రార్థన గూడా ఇనపడలా!"

"అయ్యగారే చెయ్యి ఊపుతుంటే నీకేందన్నా అనుమానం? కొట్టు సామేలూ!"

సామేలు కొట్టాడు. మస్తానన్న మూత తీశాడు. వాసన పాటకంటే ముందు చర్చిలోకి చేరింది. వెనక బెంచీలు లేచాయి, తర్వాత మధ్యవి. ముందు బెంచీలవాళ్లయితే సునీతను దాటుకుంటూ, "సల్లగా ఉండమ్మా" అని దీవించి మరీ బయటికొచ్చారు. పెళ్లికొడుకు మేనత్త ఒంటిచెప్పుతో పంక్తిలో కూర్చుంది.

అయ్యగారు మైకు పట్టుకొని పరిగెత్తుకొచ్చారు. "పెండ్లి ఇంకా కాలేదు! చేతులు కడుక్కొని లోపలికి రండి!"

"వస్తాం అయ్యగారూ, ఈ ముక్క అయిపోనీండి," అన్నాడొక పెద్దాయన.

నేను లోపలికి ఉరికాను. సునీత అక్కడే నిలబడి ఉంది. నావైపు చూసి, "ఏంది మామా, గోడ అయిపోయిందా?" అంది.

"ఒక్క నిమిషమే, మళ్లీ వాయిస్తాం!" అని బయటికి వస్తే, మా అక్క గరిటెతో రత్నమన్న ముందు నిలబడి ఉంది. కీబోర్డు వైరు పీకేసింది.

"ఇంగొక్క మోత ఇనపడిందంటే నీ నెత్తిన వాయిస్తా!"

మిగిలిన దారంతా సునీత పాట లేకుండానే నడిచింది. బయట నుంచి ప్లేట్ల చప్పుడు మాత్రం తాళం తప్పలేదు. పెళ్లయ్యాక పెళ్లికొడుక్కి పెరుగన్నమే మిగిలింది.

ఇప్పటికీ అత్తగారి ఊరు కొమరోలు నుంచి వచ్చినప్పుడల్లా సునీత మా వాకిట్లో సగం దాకా వచ్చి ఆగిపోతుంది, ఇద్దరు పిల్లల్నీ చెరోవైపు నిలబెట్టుకుని. "పాటెయ్యి మామా, లేకుంటే ఈడనే నిలబడతా." నేను గొంతెత్తితే పిల్లలు చెవులు మూసుకుంటారు. ఆ పాట చెల్లదట.

అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గోడలు కొలుస్తాను, బండలు కొలుస్తాను, కాళ్లున్న దేన్నీ కొలవను. బాకీ మాత్రం అట్లాగే ఉంది. పాట లేకుండా పడిన పెళ్లికూతురి అడుగులు, ఇరవై రెండు.