గరిటెలు గుర్తుపట్టిన పూలగుడ్డ

మా తోటికోడలు గ్వే-హా ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. పొద్దున ఆల్చిప్పలు విప్పడానికి కూర్చుంటే నాలుగు విప్పేలోపే లేచి తన చేపల చెరువు గట్టు మీదికి పరుగెత్తేది.

"నీ చెరువును ఎవరూ ఎత్తుకుపోరులే అక్కా, కూర్చో" అంటే నా మీదే విసుక్కునేది.

"నీకేం తెలుసే! వాళ్లొచ్చే వేళయింది."

వాళ్లంటే చుట్టాలేం కాదు. నల్లమొహం, తెడ్డులాంటి ముక్కు ఉన్న తెల్ల కొంగలు. మా చీగూ ఊళ్లో వాటిని గరిటెలంటాం. లోకం మొత్తం మీద కొన్ని వేలే మిగిలాయట. కొరియా వైపు పిల్లల్ని లేపి, చలికాలానికి మా ఉప్పునీటి చెరువుల్లో దిగుతాయి.

మేం పెంచే సబాహీ చేపలు పట్టేశాక నీళ్లు తీసి చెరువు అడుగును ఎండబెట్టడం మా పెద్దల పద్ధతి. నీళ్లు మోకాలి లోతుకు దిగాక అమ్మకానికి పనికిరాని చిన్న చేపలు మిగులుతాయి. గరిటెలకు అవే తిండి. ఇప్పుడా పద్ధతి ఎవరిక్కావాలి? మేమంతా చెరువులు లోతుగా తవ్వుకుని ఏడాది పొడుగునా నిండా నీళ్లు పెట్టుకున్నాం. అవతలివాళ్లు ఏకంగా పూడ్చేసి సోలార్ పలకలు పరిచారు. కాలు ఆనే చోటు అక్క చెరువొక్కటే. గరిటెలన్నీ వచ్చి అందులోనే ఇరుక్కునేవి.

మేం ఎవరం దగ్గరికెళ్లినా లేచిపోయేవి. అక్క వెళ్తే మాత్రం కదిలేవి కావు. ఎండకు మొహం చుట్టూ కట్టుకునే పూలగుడ్డను చూసి గుర్తుపట్టేవి. రేకు బేసిన్ నిండా చిన్న చేపలు తెచ్చి విసిరేది కదా మరి! కాలికి గుర్తుగా వేసిన ఎర్ర కడియమున్న ఒకదాన్ని 'కోడలు' అని పిలిచేది.

"చూడవే, చలికాలం రాగానే దిగుతుంది, కడుపునిండా తింటుంది, ఒక్క గిన్నె కడగదు, మార్చిలో చెప్పాపెట్టకుండా పోతుంది. కోడలు కాక మరేంటి?"

ఆ ఏడు ఉత్తరపు గాలి విరుచుకుపడింది. సబాహీ పిల్లలు చలిని తట్టుకోలేవు. తెల్లారేసరికి అక్క చెరువంతా చచ్చి తెల్లగా తేలాయి. తీసిపారేద్దామని వల పట్టుకుని వెళ్తే నన్ను తిట్టి పంపింది.

"వాటి నోటికాడ కూడు లాగేస్తావా? ఉండనీ. పాపం, తింటాయి."

నేనూ సరేలే అనుకున్నాను. చలి పోయి ఒక్కసారిగా ఎండలు కాశాయి. చేపలు కుళ్లి వాసన కొట్టాయి. అక్క గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, అన్నం కూడా నిలబడే తిన్నది.

ఒక పొద్దున కోడలు గట్టు వారన పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, మెడ మాత్రం తడిగుడ్డలా వాలిపోయింది. అక్క దాని తల నీళ్లలో మునగకుండా అరచేతిలో ఎత్తి పట్టుకుని, నేను ఫోన్ చేసి పిలిచిన పక్షుల డాక్టరమ్మ వచ్చేదాకా అలాగే బురదలో కూర్చుంది. ఆమె కుదురుగా కూర్చోగా నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

డాక్టరమ్మ పేరు చియు. పక్షిని పెట్టెలో పడుకోబెట్టింది. "కుళ్లిన చేపల్లో విషం పుడుతుంది పిన్నీ. అది తింటే మెడ, రెక్కలు పడిపోతాయి. వాటిని తియ్యకుండా ఎవరు వదిలేశారు?"

"నేనే" అంది అక్క. "ఆకలితో ఉంటాయని."

డాక్టరమ్మ చెరువులో మేస్తున్న మిగతా గుంపును చూపించింది. "ముందు వాటిని ఇక్కణ్ణుంచి లేపాలి. మళ్లీ దిగనివ్వకూడదు."

అక్క బేసిన్ తీసుకుని కర్రతో టంగుటంగున వాయించింది. అయ్యో, ఏం చెప్పను! అవి లేవడానికి బదులు ఆమె వైపే నడిచొచ్చాయి. బేసిన్ వచ్చిందంటే తిండి వచ్చిందనేగా వాటి లెక్క!

అక్క ఇంట్లోకి పరుగెత్తింది. పూలగుడ్డ విప్పి పారేసి, చనిపోయిన మా బావగారి నల్ల వానకోటు తొడుక్కుని వచ్చింది. చేతులు చాచి వాటి మీదికి దూకింది.

"పోండే! నా చెరువులో కాలు పెట్టకండే! చస్తారే, పోండి!"

గుంపంతా బెదిరి లేచింది. మా చెరువుల మీద తిరిగి తిరిగి, ఎక్కడా నిలబడే లోతు దొరక్క, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ వైపు పోయింది. ఆ నిండు నీళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తవ్వించుకున్నది మేమే కదా!

తర్వాత చచ్చిన చేపలన్నీ ఎత్తి పాతిపెట్టాం. కోడలు బతికింది. మెడ నిలబడి, రెక్కలు సత్తువ పుంజుకున్నాక డాక్టరమ్మ దాన్ని ఏటిమొగ దగ్గర వదలడానికి తెచ్చింది. గుంపు ఎదురు ఇసుకదిబ్బ మీదే ఉంది. అక్క నల్లకోటులోనే వచ్చి దూరంగా నిలబడింది. నేను ఆల్చిప్పల దగ్గర్నుంచి నేరుగా వెళ్లాను, మొహానికి అక్క విప్పి పారేసిన పూలగుడ్డతో.

పెట్టె తలుపు తీశారు. కోడలు బయటికొచ్చి, తల తిప్పి చూసి, టకటకా నా వైపు నడిచింది. నా కాళ్ల దగ్గర ఆగి ముక్కు ఎత్తింది. నేను దాని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

"చూస్తావేంటే!" అక్క దూరం నుంచే అరిచింది. "తరుమవే దాన్ని! మనిషంటే భయం నేర్పవే!"

నేను చప్పట్లు కొట్టాను, గట్టిగా అరిచాను. కోడలు ఉలిక్కిపడి వెనక్కి తగ్గి, రెక్కలు విప్పి గుంపు వైపు ఎగిరిపోయింది. అక్క నా దగ్గరికి వచ్చి, నా మొహం మీది పూలగుడ్డ ముడి విప్పి, దానితోనే కళ్లు తుడుచుకుంది.