పాత సిద్ధాంతం

అరవైల చివర నెల్లిమర్లలో ఎస్సెల్సీ చదువుతున్నాను. చెల్లి చిట్టి విషజ్వరంతో పోయి రెండు నెలలైంది. దాని వాసన పోతుందని అమ్మ ఒక గౌను ఉతక్కుండా పెట్టెలో దాచుకుంది.

ఒక సాయంత్రం సైన్సు పాఠం పైకి చదువుతున్నాను. "పరమాణువును విభజించలేము, నశింపజేయలేము."

బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగింది. "అయితే మన సిట్టి పూర్తిగా పోనేదేటే? ఇక్కడే ఎక్కడో ఉన్నాదా?"

నా తెలివి చూపించుకోవాలని నాకు తొందర. "అది పాత సిద్ధాంతమమ్మా. తరవాత పరమాణువునీ పగలగొట్టేశారు. లోపలంతా ఖాళీయేనట!"

"కాళీయేనేటే?" అని మళ్లీ బియ్యంలోకి తల వంచుకుంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి చిట్టి గౌను దండెం మీద ఆరుతోంది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. అంతా సరిగ్గానే రాశాను. అమ్మకి మాత్రం పాత సిద్ధాంతం దగ్గరే ఆపేయాల్సింది.