పందొమ్మిదో నంబరు

ఎమ్మెట్ డోలన్ మా కార్టూన్ స్టూడియో గేటు దగ్గర పద్నాలుగేళ్ళు పనిచేశాడు. పేరుకు కాపలాదారే గానీ ఆయన ఎవరినైనా ఆపగా నేను చూడలేదు. ఎవరికి జలుబు చేసిందో, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరు పెళ్ళాంతో పోట్లాడి పస్తుతో వచ్చారో అన్నీ ఆయనకు తెలుసు. ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి గేటు తీసేవాడు. ఆ కాలికేమైందని మాలో ఒక్కరూ అడగలేదు. పొద్దస్తమానం మనుషుల నడకలు చూసి బొమ్మలు గీసి పొట్ట పోసుకునేవాళ్ళం, అయినా అడగలేదు. సిగ్గుచేటు కాకపోతే ఏమిటి?

అది పందొమ్మిది వందల నలభై మూడో సంవత్సరం. మగవాళ్ళు ఒక్కొక్కరే యుద్ధానికి పోతుంటే, బొమ్మలకు సిరా పూసే గదిలోంచి నన్ను పైకి తెచ్చి పెన్సిల్ చేతికిచ్చారు. పరుగులో ముఖ్యమైన భంగిమలు గస్ క్లైన్ గీసేవాడు. ఒక భంగిమకూ ఇంకోదానికీ మధ్య రావలసిన బొమ్మలు నేను గీయాలి. గస్ మంచివాడు. డైరెక్టరుది మాత్రం నోరు కాదు, మురిక్కాలవ. "ఆడవాళ్ళకు ఏడిపించడం వచ్చు, నవ్వించడం రాదు" అని వారానికోసారైనా నా బల్ల దగ్గర నిలబడి అనేవాడు. ఆ మాట నాకు గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

ఆ వేసవిలో ఏడు నిమిషాల కామెడీ ఒకటి మొదలుపెట్టాం. రెండు కాలేజీల మధ్య ఫుట్‌బాల్ ఆట, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే మా అమెరికా రకం. ఆటంటే ఆట కాదు, కొంపలు మునిగే గోల. రిఫరీ ఈల మింగేస్తాడు, ఊపిరి తీసిన ప్రతిసారీ కడుపులోంచి ఈల మోగుతుంది. గోలు కొయ్యలు భయపడి మైదానం వదిలి పారిపోతాయి. బ్యాండు వాళ్ళ పెద్ద బాకా ఒక ఆటగాణ్ణి మింగి, అవతలి జట్టు మీద ఉమ్మేస్తుంది. ఆ రభసలో ఒక్కడే ఒక్కడు, బంతి చంకలో పెట్టుకుని చివరిదాకా పరుగెత్తాలి.

ఆ పరుగు కోసం గస్ ఎమ్మెట్‌ను మా గదికి పిలిచాడు.

"పెద్దాయనా, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడావటగా. జీతాల గుమాస్తా చెప్పాడు. నిజమేనా?"

ఎమ్మెట్ దొంగతనం బయటపడ్డట్టు అటూ ఇటూ చూశాడు. "ఆడాను. ఒక్క ఏడాది. అయోవాలో. ఆ ఊరి పేరు చెప్పినా మీకు తెలీదు."

"తోసేవాడివా, పరుగెత్తేవాడివా?"

"పరుగెత్తేవాణ్ణి."

"మరి కాలు?"

"ఆఖరి ఆటలో పోయింది. నవంబరు, చిత్తడి. బంతి నా దగ్గరుంది, అందరూ వచ్చి మీద పడ్డారు. తర్వాత అందరూ లేచారు, నేను లేవలేదు." అంతే చెప్పాడు. మోకాలు వంకరగా అతుక్కుందట, చదువు కూడా అక్కడితో ఆగిపోయిందట.

ఎలా పరుగెత్తేవాడివో చూపించమంటే కుర్చీలోంచి లేవలేదు. బల్ల మీద రెండు వేళ్ళు పెట్టి వాటితో పరుగెత్తాడు. మోకాలు ఎంత ఎత్తు లేచేది, ఎక్కడ ఒంగేవాడు, ఎక్కడ పక్కకు తప్పుకునేవాడు, అన్నీ ఆ వేళ్ళతోనే. అరవైకి దగ్గర పడ్డ మనిషి, చెమట పట్టేసింది. గస్ పెన్సిల్ ఆగలేదు.

వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్క సంగతి. ఆ కుర్రాడి చొక్కా మీద పందొమ్మిది వేస్తారా? అది నా నంబరు. మా అమ్మాయి రోవీనాను తీసుకొస్తాను."

"ఆ అమ్మాయికి తెలుసా ఇదంతా?"

"చెప్పలేదు. పుట్టినప్పట్నించీ ఈ కుంటి కాలినే చూసింది. నేను పరుగెత్తేవాణ్ణంటే ఏ పిల్ల నమ్ముతుంది? ముందు తెర మీద చూపించి, అప్పుడు చెబుతాను."

"ఇది కామెడీ, పెద్దాయనా. జనం నవ్వుతారు."

"మిగతావాళ్ళను చూసి నవ్వనీ బాబూ. పందొమ్మిది మాత్రం సరిగ్గా పరుగెత్తాలి. అంతే."

గస్ మాటిచ్చాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను, అన్నీ విన్నాను. వినలేదని చెప్పుకోగలిగితే ఈ వయసులో హాయిగా నిద్రపట్టేది.

పదిరోజులకు గస్‌కు సైన్యం నుంచి పిలుపొచ్చింది. గుట్టగా పడిన ఆటగాళ్ళ కిందనుంచి పందొమ్మిది బయటికి వచ్చే ముక్కను తనే మొత్తం గీసి, మిగతా పరుగుకు భంగిమలు మాత్రం వేసి నాకిచ్చాడు. "పెద్దాయన మాట గుర్తుంచుకో హెస్టర్" అని వెళ్ళిపోయాడు.

గుర్తుంచుకున్నాను. అయినా చేశాను. ఆ సోమవారం డైరెక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు, నాకు ఒళ్ళు మండింది. గస్ వేసిన భంగిమల మధ్య ఒక కాలిని ఆలస్యంగా లేపాను, భుజాన్ని ఒక పక్కకు కుంగదీశాను. పందొమ్మిదో నంబరు కుంటుతూ పరుగెత్తాడు. ఎవరి కుంటో వేరే చెప్పాలా? ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే చూసిన నడక, చెయ్యి దానంతటదే గీసేసింది. పరీక్షకు వేసి చూసినప్పుడు డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది గీసిందెవరు?" అన్నాడు. నేనే అన్నాను. ఆ రోజు నా అంత సంతోషంగా ఊళ్ళో ఇంకెవరూ ఉండి ఉండరు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు. వాద్యాలవాళ్ళు కూడా ఊరుకోలేదు. కుంటిన ప్రతి అడుగుకూ బాకా ఒకటి, తప్పెట ఒకటి తగిలించారు.

గ్లెండేల్‌లో ఒక సినిమా హాల్లో శనివారం మధ్యాహ్నం మా బొమ్మ వేసి చూపించారు. ఎమ్మెట్ టై కట్టుకుని వచ్చాడు. పక్కన రోవీనా, పందొమ్మిదేళ్ళ పిల్ల, విమానాల ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టే పని. తల్లి చిన్నప్పుడే పోతే ఆయనే పెంచాడు. నేను వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాను. పందొమ్మిదో నంబరు కుంటడం మొదలుపెట్టగానే హాలంతా గొల్లుమంది. అందరికంటే ముందు రోవీనాయే లేచి నిలబడింది.

"నాన్నా, అది నువ్వే కదూ? ఆ నడక చూడగానే పట్టేశాను. మా నాన్నండీ, మా నాన్న." చుట్టుపక్కలవాళ్ళకు కూడా చెప్పింది. తండ్రిని చూసి అంత గర్వపడిన పిల్లను నేను మళ్ళీ చూడలేదు.

ఎమ్మెట్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "అవునమ్మా, నేనే" అన్నాడు.

సోమవారం గేటు దగ్గర నిలబడి, చేసిందంతా చెప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

"పిల్ల సంతోషపడింది, పోనీలే అమ్మా" అన్నాడు. గేటు గడియ వేస్తూ, "ఇప్పుడు మార్చడం కుదరదు కదూ?" అన్నాడు.

కుదరదు. యుద్ధంలో సరుకు కరువు. సిరా పూసిన సెల్యులాయిడ్ రేకులు అప్పటికే కడిగేసి వేరే బొమ్మకు వాడేస్తున్నారు. అదే చెప్పాను.

"ఊరికే అడిగాను" అన్నాడు.

ఆ తర్వాత మా మగవాళ్ళు గేటు దగ్గరికి రాగానే నోటితో ఆ బాకా మోత మోగించేవాళ్ళు. వాళ్ళకు ఆయనంటే ప్రేమే, అదే వచ్చిన చిక్కు. ఎమ్మెట్ నవ్వేవాడు. వారం తిరక్కుండా గేటుకు తాడు కట్టాడు. స్టూలు మీదనుంచి లేవకుండానే లాగి తీసేవాడు. మేం లోపలికి వెళ్తున్నంతసేపూ ఆయన ఒక్క అడుగు కూడా వేయడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ బొమ్మ ఊళ్ళో రెండు వారాలు ఆడింది. ఒకరోజు చూడకుండా ఉండలేక మధ్యాహ్నం ఆటకు వెళ్ళాను. పక్క వరస చివర కుర్చీలో ఎమ్మెట్, ఒళ్ళో టోపీ. గుట్ట కిందనుంచి పందొమ్మిది బయటికి వచ్చాడు. గస్ గీసిన ముక్క. మోకాళ్ళు ఛాతీ దాకా లేస్తున్నాయి, వీపు నిటారుగా ఉంది. ఎనిమిది అడుగులు. తొమ్మిదో అడుగునుంచి నాది. జనం నవ్వడం మొదలయ్యేలోపే ఎమ్మెట్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. రోజూ ఇదే వరసని, టిక్కెట్టు కొని ఏడు నిమిషాలన్నా కూర్చోడని, గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే పిల్ల చెప్పింది.

ఆ ఎనిమిది అడుగుల సంగతి రోవీనాకు చెప్పాలనుకున్నాను. ఎమ్మెట్ వద్దన్నాడు. "దానికి నచ్చింది నేను చెడగొట్టనమ్మా" అన్నాడు. మరుసటి వసంతంలో న్యుమోనియాతో పోయాడు.

పన్నెండేళ్ళ తర్వాత రోవీనా నుంచి ఫోను. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. "శనివారం పొద్దున టీవీలో నాన్న వస్తాడట. మీరూ వచ్చి మాతో చూడండి" అంది. ఈసారి ఎలాగైనా చెప్పేయాలని వెళ్ళాను. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. మొదటి ఎనిమిది అడుగులూ చూడు, కుంటు మొదలయ్యేలోపే చూడు అని చెప్పాలి. చూపిస్తే చాలు, నమ్ముతుంది.

ఆట వచ్చింది. ఆటగాళ్ళు గుట్టగా పడ్డారు. నేను ముందుకు ఒంగి, "ఇదిగో, ఇప్పుడు చూడు" అన్నాను. గుట్ట మాయమైంది. మరుక్షణం పందొమ్మిదో నంబరు మైదానం మధ్యలో కుంటుతున్నాడు. సబ్బు ప్రకటన ఇరికించడానికి నడుమ ముక్క కోసేశారు. గస్ ముక్క.

పిల్లలిద్దరూ లేచి, తాతలా కుంటుతూ సోఫా చుట్టూ తిరగసాగారు.

"రోవీనా, మీ నాన్న పరుగెత్తేవాడమ్మా" అన్నాను.

"మా నాన్నా? ఎప్పుడు?"

అయోవా చెప్పాను, చిత్తడి చెప్పాను, కోసేసిన ఎనిమిది అడుగులూ చెప్పాను. ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరింది. "మీరు మంచివారు కాబట్టి అలా అంటున్నారు. నాన్న నాకు ఏదీ దాచేవాడు కాదండీ."

ఇక మిగిలింది ఒక్కటే. ఆ కుంటు గీసింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"మీరా?" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను కావలించుకుంది. "నాన్న ఫోటోలు కూడా సరిగ్గా లేవు మాకు. మీరు గీయబట్టే పిల్లలకు తాత ఎలా ఉండేవాడో తెలిసింది. మీ రుణం ఎలా తీర్చుకోను?"

కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది. పిల్లలు ఇంకా కుంటుతూనే ఉన్నారు.